తీగ లేని ప్రింటరూ, మా తిప్పలూ

ప్రింటరు కొనడం ఒక యెత్తు, దానిని యింట్లో వున్న వైఫైకి కలపడం ఒక యెత్తు. ఈ సంగతి కొన్న తర్వాత గాని మాకు బోధపడలేదు. కిందటి వానకాలంలో మా యింటికి ఒక ప్రింటరు వచ్చింది. వచ్చిన నాటి నుంచి నాలుగు రోజులు మేము దానిని అనని మాట లేదు. అది మాత్రం నోరు విప్పలేదు. ఐదోనాటి రాత్రి ఒక ఆడపిల్ల కాలేజీ సీటు దాని మీద ఆధారపడింది. ఆ ఐదు రోజుల్లో మేము నేర్చుకున్నది మన సంఘం కుటుంబాలలో మరి కొందరికి పనికి వస్తుందని తోచి యీ నాలుగు మాటలు రాస్తున్నాము. మేము యింజనీర్లం కాము. మెట్రిక్ వరకు చదివి, గుమాస్తా పనిలో తల నెరిసినవాళ్లం. మాకు అర్థమైనది అందరికీ అర్థమవుతుందని మా ధైర్యం.

మా బంధుగాం కోరాపుట్ జిల్లాలో, ఆంధ్ర పొలిమేరన వుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం యేర్పడే వరకు యీ ప్రాంతం మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లాలోనే వుండేది. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి రాయగడ వేరే జిల్లా అయింది. పటం మీద గీతలు యెన్ని మారినా మా నోళ్లలో భాషలు మాత్రం కలిసే వున్నాయి. ఆఫీసులో ఒడియా, యింట్లో తెలుగు, సంతకు వెళితే కువి. సర్కారు పని అంటే కోరాపుట్ వైపు చూస్తాము. సామాను కొనాలంటే పార్వతీపురం వైపు చూస్తాము.

ఇప్పుడు కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం అన్నీ ఆన్‌లైనులోనే తీసుకోవచ్చు, ఫోనులోకే వచ్చేస్తాయి. రావడం వరకు బాగానే వుంది. కాని చూపవలసిన చోట "కాగితం యేదీ?" అనే అడుగుతారు. కాగితం కావాలంటే జిరాక్సు దుకాణానికి పోవాలి. కరెంటు వున్నప్పుడు నెట్టు వుండదు. రెండూ వున్నప్పుడు దుకాణదారు భోజనానికి వెళ్లి వుంటాడు. ఇవన్నీ చూసి మా అబ్బాయి, "నాన్నా, మనమే ఒకటి కొనేద్దాం. తీగలేవీ అక్కర్లేదు, ఫోనులోంచే ముద్రించుకోవచ్చు" అన్నాడు. ముద్రణ, నకలు, స్కాను మూడూ చేసే యింకు ట్యాంకు రకం ప్రింటరు పార్వతీపురంలో కొని, బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చాము. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పురిటి బిడ్డని తెచ్చినట్టు తెస్తున్నారు. దిష్టి తియ్యమన్నారా యేటి?" అన్నది. ఆనాడు తీయించుకొని వుంటే బాగుండేదేమో!

తిప్పలు ఆ సాయంత్రమే మొదలైనాయి. ప్రింటరును వైఫైకి కలపడానికి ఫోనులో అడుగులన్నీ చెబుతుంది. వాటిలో ఒకచోట ప్రింటరు తన చుట్టుపక్కల వినిపించే వైఫై పేర్ల జాబితా చూపిస్తుంది. పక్కింటి వారి పేరు చూపింది. యెదురింటి వారి పేరు చూపింది. రెండు గజాల దూరంలో వున్న మా రూటరు పేరు మాత్రం చూపలేదు. రూటరు ఆపి పెట్టాము. ప్రింటరు ఆపి పెట్టాము. ఆ గదిలో నుంచి యీ గదిలోకి మార్చాము. ఫోనులో సినిమాలు చక్కగా వస్తున్నాయి గనుక మా వైఫైలో లోపం లేదని, లోపమంతా ప్రింటరుదేనని తీర్మానించుకున్నాము. మూడోనాటికి దానిని తిరిగి యిచ్చేద్దామని పెట్టె కూడా కట్టాము.

విశాఖపట్నంలో వున్న మా మేనల్లుడికి ఫోను చేస్తే, అంతా విని, "మామయ్యా, మీ రూటరు యే భాషలో మాట్లాడుతోందో చూశారా?" అని అడిగాడు. వాడు చెప్పిన సంగతి యిది.

ఇళ్లలో వైఫై ముఖ్యంగా రెండు రేడియో పట్టీల మీద నడుస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జులు, రెండోది 5 గిగాహెర్ట్జులు. మొదటి దాని తరంగం పొడుగు సుమారు 12 సెంటీమీటర్లు. రెండోది అయిదారు సెంటీమీటర్లు. పొడుగు తరంగం గోడలు దాటి కొంచెం దూరం పోగలదు గాని, ఆ పట్టీ మీద రద్దీ యెక్కువ. బ్లూటూత్, మైక్రోవేవ్ పొయ్యి కూడా అక్కడే సందడి చేస్తాయి. పొట్టి తరంగం వేగంగా సరుకు మోస్తుంది గాని, రెండు గోడలు అడ్డం వస్తే నీరసిస్తుంది. ఇప్పటి ఫోనులు రెండు భాషలూ వచ్చినవి. తక్కువ ధర యింటి ప్రింటర్లు చాలా మట్టుకు 2.4 ఒక్కటే వచ్చినవి. కాగితానికి అంత వేగంతో పని లేదు గనుక తయారుచేసేవారు అంతటితో సరిపెడతారు.

మా యింట్లో జరిగిందేమిటంటే, సినిమాలు వేగంగా రావాలని మా అబ్బాయి యెప్పుడో రూటరులో 2.4ను పూర్తిగా ఆపేసి, 5 ఒక్కటే వుంచాడు. ప్రింటరు చెవిటిది కాదు. దానికి వచ్చిన భాషలో దానితో మాట్లాడేవారు మా యింట్లో లేరు, అంతే! తెలుగు, ఒడియా రెండూ వచ్చి, రెంటి మధ్యా దుబాసీగా బతికే మాకు యీ మాట యింకొకరు చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. మా నాన్నగారి కాలంలో రేడియో పెట్టె వినడానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారు. అది విని వూరుకొనే పెట్టె. వైఫై రూటరో, వినడమే కాదు, తానే ప్రసారం చేస్తుంది. ఒక విధంగా మన గదిలో వున్న చిన్న రేడియో కేంద్రమే. ఈ పద్ధతికి మొదటి ప్రమాణం 1997లో వచ్చింది. వైఫై అనే పేరు 1999లో పెట్టారు. మన దేశంలో 2.4 పట్టీ మీద తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేదని 2005లో నియమాలు వచ్చాయి. అంచేతనే యీనాడు గుమాస్తా యింట్లో కూడా యెవరినీ అడగకుండా ఒక ప్రసార కేంద్రం నడుస్తున్నది.

రూటరులో 2.4ను మళ్లీ తెరవగానే ప్రింటరు మా పేరు చూపింది. అయితే పాస్‌వర్డు చెప్పడం యెలాగ? ప్రింటరుకు అక్షరాల పలక లేదు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, తయారీదారు యిచ్చిన ఫోను యాప్ ద్వారా చెప్పడం. అప్పుడు ఆంగ్లాక్షరాలలో పెద్దవి, చిన్నవి తేడా లేకుండా కొట్టితే వెయ్యిసార్లు కొట్టినా తలుపు తీయదు. రెండోది, చాలా రూటర్లకు వెనుక డబ్ల్యు.పి.ఎస్. అని రాసిన బటన్ వుంటుంది. దానిని నొక్కి, రెండు నిమిషాల లోపల ప్రింటరు మీద వైఫై బటన్ కూడా పుస్తకంలో చెప్పినట్టు నొక్కితే, రెండూ తమలో తామే పాస్‌వర్డు యిచ్చిపుచ్చుకుంటాయి. మాకు యీ రెండోదే కలిసివచ్చింది. అయితే డబ్ల్యు.పి.ఎస్.లో యెనిమిది అంకెలు చెప్పి లోపలికి వచ్చే యింకొక పద్ధతి వుంది. దానిని బయటివారు సులువుగా కనిపెట్టగలరని 2011లోనే తేలింది. ఆ అంకెల పద్ధతిని రూటరులో ఆపి వుంచుకోవడం మంచిది. కొత్త రూటర్లలో భద్రత డబ్ల్యు.పి.ఎ.-3 ఒక్కటే అని పెట్టి వుంటే యీ బటన్ పని చేయదు; పాత ప్రింటర్లు అసలు లోపలికి రాలేవు. డబ్ల్యు.పి.ఎ.-2ను కూడా అనుమతించాలి.

మరొక అనుమానం మా ఆవిడకు వచ్చింది. "ఫోను 5 మీద, ప్రింటరు 2.4 మీద వుంటే ఒకదాని మాట ఒకదానికి యెలా అందుతుంది?" అని. రూటరే దుబాసీ. తలుపులు రెండైనా యిల్లు ఒకటే. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. చుట్టాల కోసమని రూటరులో 'గెస్ట్' వైఫై వేరుగా పెట్టుకుంటే, అందులోకి వచ్చినవారిని యింటి లోపలి వస్తువులతో మాట్లాడనివ్వకుండా రూటరు సాధారణంగా అడ్డగిస్తుంది. అది వీధి అరుగు వంటిది. అరుగు మీద కూర్చున్న చుట్టం మన వంటింట్లో కుండ ముట్టలేడు గదా!

నాలుగోనాటి రాత్రికి మొదటి కాగితం వచ్చింది. వచ్చిందనే గాని, ఒడియా అక్షరాలకు బదులు గళ్లు గళ్లుగా వచ్చింది. పత్రాన్ని పి.డి.ఎఫ్.గా మార్చి పంపితే అక్షరాల ఆకారాలు కూడా దానితో పాటే వెళతాయి గనుక తెలుగైనా ఒడియా అయినా వున్నది వున్నట్టు పడుతుంది. ఆ తర్వాత ప్రింటరు "కాగితం కొలత సరిపోలేదు" అని మొరాయించింది. ఫోనులో కొలత 'లెటర్' అని వుంది. మనం వాడేది ఎ-4, అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడుగు. అది మార్చగానే పని జరిగింది. ఆ రాత్రి మా యింట్లో అవసరం లేని కాగితాలు కూడా ముద్రించుకొని మురిసిపోయాము.

ఐదోనాడు మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. సాయంత్రానికి నెట్టు లైను పోయింది. దీపాలు పెట్టే వేళకు కరెంటు కూడా పోయింది. ఇన్వర్టరు మీద ఒక లైటు, ఒక ఫ్యాను, రూటరు నడుస్తున్నాయి. రాత్రి యెనిమిదింటికి గొడుగు వేసుకొని ఒక తల్లి, కూతురు వచ్చారు. పక్క వూరి కోందు కుటుంబం. ఆ పిల్ల పదో తరగతి ప్యాసై +2కు దరఖాస్తు పెట్టుకున్నది. ఒడిషాలో యీ చేరికలు 'సామ్స్' అనే ప్రభుత్వ ఆన్‌లైను పద్ధతిలో జరుగుతాయి. సీటు వచ్చిన పిల్లలు యింటిమేషన్ లెటరు ముద్రించుకొని, ధ్రువపత్రాలతో సహా గడువు లోపల కాలేజీలో హాజరు కావాలి. ఆ పిల్లకు కోరాపుట్‌లో సీటు వచ్చింది. మర్నాడే ఆఖరి రోజు. తెల్లవారుజామున బస్సు.

"బాబూ, దుకాణం కాడికి యెల్లాము. నెట్టు లేదు, ముద్దర పడదు అన్నారు. మీ యింట్లో మిషనుందంట. యీ కాయితం లేకపోతే సీటు యింకొకరికి యిచ్చేస్తారంట" అన్నది తల్లి. ఆ పిల్ల యేమీ మాట్లాడలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకొని నిలబడి వుంది.

మేము యేమన్నామో చెప్పుకోవడానికి సిగ్గుగా వుంది. "అమ్మా, మా యింట్లోనూ నెట్టు లేదు. నెట్టు లేనిదే యిదీ పని చెయ్యదు" అన్నాము. యెవరూ చెప్పకుండానే అంత ఖాయంగా చెప్పేశాము. ఆ తల్లి "సరే బాబూ" అని గొడుగు తీసుకోబోయింది.

అప్పుడు మా ఆవిడ అడిగింది: "యేమండీ, కాగితం పిల్ల ఫోనులోనే వుందా, యెక్కడి నుంచైనా రావాలా?"

"మొన్న నెట్టున్నప్పుడే దింపి వుంచాను" అన్నది ఆ పిల్ల.

"కాగితం యీ గదిలోనే వుంది. మిషనూ యీ గదిలోనే వుంది. మధ్యలో నెట్టుతో పనేటి?"

మా దగ్గర జవాబు లేదు. జవాబు లేని చోట ప్రయత్నం చేయవలసిందే. ప్రింటరు ప్లగ్గు యిన్వర్టరు వైపు మార్చాము. యింకు రకం ప్రింటరు చాలా కొద్ది కరెంటుతో నడుస్తుంది. లేజరు రకం అయితే లోపల వేడి పుట్టించుకోవాలి గనుక వందల వాట్లు లాగుతుంది. చిన్న యిన్వర్టరు దానిని మోయలేదు. ఆ పిల్ల ఫోనులో మా వైఫై పాస్‌వర్డు కొట్టాము. "ఈ వైఫైకి యింటర్నెట్ లేదు. అయినా దీనిలోనే వుండమంటారా?" అన్నట్టుగా ఫోను అడిగింది. చాలామంది యిక్కడే వద్దని చెప్పి పొరపాటు పడతారు. వుండమని చెప్పాము. అది మళ్లీ సిమ్ము వైపు పారిపోకుండా మొబైలు డేటా ఆపేశాము. పి.డి.ఎఫ్. తెరిచి, ముద్రించు అన్న చోట నొక్కాము. ఫోను కొంతసేపు వెతికింది. మా ప్రింటరు పేరు వచ్చింది. నొక్కాము.

ప్రింటరు ఒకసారి గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి, కాగితం లోపలికి లాక్కున్నది. ఆ పిల్ల పేరు, కాలేజీ పేరు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. ధ్రువపత్రాలు కూడా రెండేసి నకళ్లు తీసి యిచ్చాము. అప్పుడు ఆ పిల్ల నవ్వింది. వానలోనే వెళ్లిపోయారు, కాగితాలు మాత్రం పాలిథీను సంచిలో చుట్టి, తల్లి చీర కొంగు కింద పెట్టుకొని.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం యిదే. యింటి వైఫై వేరు, యింటర్నెట్ వేరు. మన వీధిలో యీ యింటి నుంచి ఆ యింటికి వెళ్లడానికి పార్వతీపురం రోడ్డుతో పని లేదు. వానకు ఆ రోడ్డు కోసుకుపోయినా యిరుగుపొరుగుల రాకపోకలు ఆగవు. రూటరు రెండు పనులు చేస్తుంది: యింట్లో వస్తువులను ఒకదానితో ఒకటి కలుపుతుంది, వాటన్నిటినీ బయటి దారికి చేరుస్తుంది. బయటి దారి మూసుకుపోయినా, రూటరుకు కరెంటు వున్నంత సేపు మొదటి పని జరుగుతూనే వుంటుంది. ఫోనులోనో కంప్యూటరులోనో ముందే దింపి వుంచిన కాగితమైతే ముద్రణకు అది చాలు.

దీనికి తోడ్పడే యేర్పాటు ఫోనుల్లోనే వుంది. ఐఫోనుల్లో 2010లో ఎయిర్‌ప్రింట్ వచ్చింది. వేర్వేరు కంపెనీల ప్రింటర్లు ఒకే తీరున పని చేయాలని 2013లో మోప్రియా అనే కూటమి యేర్పడింది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ పద్ధతి ఫోనులోనే కలిసి వస్తున్నది. తయారీదారు యాపులు కొన్ని ముందు ఖాతా తెరవమని, లాగిన్ కమ్మని అడుగుతాయి. నెట్టు లేనప్పుడు అవి కదలవు. అంచేత ఒకసారి ప్రింటరును కలుపుకున్న తర్వాత, ఫోనులో స్వతహాగా వున్న ముద్రణ దారిని వాడడం నేర్చుకోవాలి.

మర్నాడు కరెంటు వచ్చాక యింకొక చిక్కు వచ్చింది. ఫోను నుంచి ముద్రణ అవుతోంది గాని, మా అబ్బాయి లాప్‌టాప్ మాత్రం ప్రింటరు 'ఆఫ్‌లైన్' అంటున్నది. కారణం తెలిశాక నవ్వు వచ్చింది. రూటరు తన కింద వున్న ప్రతి వస్తువుకు 192.168 అని మొదలయ్యే ఒక చిరునామా యిస్తుంది. ఇలాంటి యింటి చిరునామాల ప్రమాణం 1996 నాటిది. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటరు ఒక్కొక్కసారి పాత నెంబరు బదులు కొత్త నెంబరు యిస్తుంది. లాప్‌టాప్ యింకా పాత యింటికే వుత్తరాలు వేస్తున్నది! రూటరు పేజీలో ప్రింటరు నెంబరును ఖాయం చేసుకొనే వీలు వుంటుంది. అలా చేసి, లాప్‌టాప్‌లో పాత ప్రింటరును తీసేసి కొత్తగా చేర్చాము. ఆ తర్వాత కరెంటు యెన్నిసార్లు పోయి వచ్చినా యీ గొడవ రాలేదు.

కొత్తగా కొనేవారికి మా మనవి యిది. ప్రింటరు పలకకపోతే ముందు రూటరులో 2.4 తెరిచి వుందో లేదో చూడండి. తర్వాత ఫోను, ప్రింటరు ఒకే యింటి వైఫైలో వున్నాయో, యేదైనా గెస్ట్ అరుగు మీద కూర్చుందో చూడండి. మొదటిసారి కలిపేటప్పుడు రెంటినీ ఒకే గదిలో పెట్టండి. తర్వాత యెక్కడికైనా మార్చుకోవచ్చు. ఇనుప బీరువా వెనుక మాత్రం పెట్టకండి, లోహం తరంగాలను అడ్డుతుంది. రూటరు కూడా లేనప్పుడు చాలా ప్రింటర్లు వైఫై డైరెక్ట్ అనే పద్ధతిలో తామే చిన్న వైఫై పెట్టి ఫోనును పిలుచుకోగలవు. అదీ కుదరకపోతే యు.ఎస్.బి. తీగ వుండనే వుంది. తీగ పెట్టడం నామోషీ కాదు. పాస్‌వర్డు యితరులకు యిచ్చినప్పుడు, పని అయ్యాక మార్చుకోవడం గృహస్థు ధర్మం. ఆ రాత్రి యిచ్చినది మాత్రం మేము యింకా మార్చలేదు.

ఆ పిల్లకు కాలేజీలో చేరిక అయింది. తర్వాతి సంతరోజున తల్లి మా గుమ్మంలోకి వచ్చి, ఆకులో చుట్టిన లేత వెదురు కొమ్ములు మా ఆవిడ చేతిలో పెట్టింది. మేము, "యివన్నీ యెందుకమ్మా, మిషను కదా చేసింది" అన్నాము.

"మిషను కాదు బాబూ, అమ్మగారు అడిగారు" అన్నది ఆమె.

ఆ పూట కూర బాగా కుదిరింది. ప్రింటరు పెట్టె అట్ట యింకా అటక మీదనే వుంది. తిరిగి యిచ్చేద్దామని కట్టిన తాడు కూడా మేము విప్పలేదు.